హైదరాబాద్ చెత్త ప్రణాళిక: జవహర్‌నగర్ నుంచి వెనక్కి చదివిన కేస్ స్టడీ

చెత్త ప్రణాళికను ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి డంపింగ్ యార్డులో ముగించడం మన మున్సిపాలిటీలకు అలవాటు. ముందు తొట్లు కొంటారు, తర్వాత ఆటోలు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ స్టేషన్లు (ఆటోల చెత్తను పెద్ద బండ్లకు మార్చే చోట్లు). ఇన్ని దాటి వచ్చిన చెత్తను ఏం చేయాలన్న ప్రశ్న చివర్లో వస్తుంది. హైదరాబాద్ ఇరవై ఏళ్ల అనుభవాన్ని జాగ్రత్తగా చూస్తే ఈ వరుస తిరగబడాలని తెలుస్తుంది. చివర ఉన్న ప్లాంటు ఎలాంటి చెత్త అడుగుతుందో ముందు రాసుకోవాలి. దాన్ని పట్టుకుని ట్రాన్స్‌ఫర్ స్టేషన్, దాన్ని బట్టి బండి, బండిని బట్టి ఇంట్లో తొట్టి. ఈ వ్యాసం ఆ వరుసలోనే నడుస్తుంది. ఎక్కువ భాగం ఆటో దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే విడదీసిన చెత్త మళ్లీ కలిసిపోయేది ఎక్కువగా అక్కడే.

ఎక్కడి నుంచి ఎక్కడికి

2007 ఏప్రిల్‌లో పాత ఎంసీహెచ్‌లో (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేశారు. 650 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా ఒకే పారిశుద్ధ్య విభాగం కిందికి వచ్చింది. అంతకుముందు ఆటోనగర్ లాంటి చోట్ల పోసిన చెత్త ఈశాన్య అంచున సుమారు 340 ఎకరాల జవహర్‌నగర్‌కు మళ్లింది. 2009లో రాంకీ సంస్థతో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. 2015లో సుమారు 22 లక్షల ఇళ్లకు రెండేసి తొట్లు పంచారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం. అదే ఏడాది నవంబరులో ఇంటింటి చెత్త ఎత్తే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి. 2020లో జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది, తర్వాత దాన్ని 24 మెగావాట్లకు పెంచారు. పాత గుట్టకు మట్టి కప్పు వేశారు. ఆ గుట్టలోంచి వచ్చే వాయువును శుద్ధిచేసి బయోగ్యాస్‌గా అమ్మే ప్లాంటు 2021లో వచ్చింది.

వరుసగా చదివితే ఇది మంచి ప్రగతే. కానీ ఏది ఎప్పుడు వచ్చిందో గమనించాలి. తొట్లు 2015లో వచ్చాయి, చెత్తను పెద్ద ఎత్తున వాడుకునే విద్యుత్ కేంద్రం 2020లో వచ్చింది. మధ్య ఐదేళ్లు ఇళ్లలో విడదీసిన తడి, పొడి చెత్తకు చివర వేర్వేరు గమ్యాలు సరిపడా లేవు. గమ్యం వేరు కానప్పుడు బండిలో వేరుగా ఉంచాల్సిన అవసరం డ్రైవరుకు కనిపించదు. బండిలో కలిపేస్తున్నారని చూసిన గృహిణి పది రోజుల్లో విడదీయడం మానేస్తుంది. ఒకసారి పోయిన ఆ అలవాటును తిరిగి తేవడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

ఇంతకన్నా పాత పాఠం కూడా మన దగ్గరే ఉంది. 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లు, విజయవాడలో 6 మెగావాట్ల చెత్త విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. చెత్త నుంచి తీసిన ఇంధనానికి ఊక, పొట్టు లాంటి వ్యవసాయ వ్యర్థాలు కలిపి నడిపేవారు. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. అదే రోజుల్లో లక్నోలో కట్టిన 5 మెగావాట్ల బయోగ్యాస్ కేంద్రానికి మట్టి, ఇసుక కలిసిన చెత్త రావడంతో అదీ మూతపడింది. 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి కొత్త కేంద్రాలకు సబ్సిడీలు ఆపింది. మూడు చోట్లా కొంత యంత్రాల తప్పు ఉండొచ్చు. అసలు సమస్య మాత్రం గేటు దగ్గరకు వచ్చిన చెత్తే.

చివర ఉన్న ప్లాంటు ఏం అడుగుతుంది

విద్యుత్ కేంద్రం అడిగేది వేడి. నీళ్లు పూర్తిగా తీసేసిన మన చెత్తలో కిలోకు సుమారు 3,500 కిలోక్యాలరీలు ఉన్నాయనుకుందాం. తేమ 50 శాతం ఉంటే కిలో చెత్తలో మండేది అర కిలో, అంటే 1,750. మిగతా అర కిలో నీటిని ఆవిరి చేయడానికి కిలోకు 600 చొప్పున 300 ఖర్చవుతుంది. చేతికి దక్కేది 1,450. అదే చెత్తలో తేమ 35 శాతానికి దిగితే 2,275 నుంచి 210 పోగా 2,065 దక్కుతుంది. తేమ 15 శాతం తగ్గితే వేడి 40 శాతానికి పైగా పెరిగిందన్నమాట. 1,500 కిలోక్యాలరీలు, అంతకుమించి ఉన్న, రీసైకిల్ కాని చెత్తను పూడ్చకూడదని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మన కలగలుపు చెత్త సరిగ్గా ఆ గీత మీదే ఊగుతూ ఉంటుంది. వేసవిలో గీత పైన, జులై వానల్లో గీత కింద. అందుకే ప్లాంటులో చెత్తను వారం దాకా గుంతలో ఆరబెట్టి, కారిన నీటిని తోడి, అప్పుడు బాయిలరుకు పంపుతారు. ఆ గుంత సామర్థ్యాన్ని సగటు రోజుకు కాకుండా వానాకాలపు వారానికి లెక్కకట్టాలి.

సిమెంటు కంపెనీలు ఇంకా గట్టిగా అడుగుతాయి. అవి కాల్చే ఆర్‌డీఎఫ్ (చెత్త నుంచి తీసిన ఇంధనం) మూడో గ్రేడుకే కిలోకు 3,000 కిలోక్యాలరీలు, తేమ 20 శాతం లోపు, క్లోరిన్ 1 శాతం లోపు ఉండాలి. క్లోరిన్ ఎక్కువైతే కిల్న్‌లో (సిమెంటు కొలిమిలో) పొర కట్టి ఉత్పత్తి ఆగుతుంది. పాత చెప్పులు, రెగ్జిన్, పీవీసీ పైపు ముక్కలు, ఫ్లెక్సీలు ఆ క్లోరిన్ తెచ్చేవి. ఎన్నికల తర్వాత వారం రోజుల ఫ్లెక్సీ గుట్టలను మామూలు ఆర్‌డీఎఫ్‌తో కలపకుండా పక్కన పెట్టుకోవాల్సింది ఇందుకే.

కంపోస్టు కోరేది పూర్తిగా వేరు. తేమ 50–60 శాతం ఉండాలి, కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 25–30 మధ్య ఉండాలి, గాజు ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. తడి చెత్తలో కొద్ది బ్యాటరీలు, ట్యూబులైట్లు కలిసినా ఆ లోడు మొత్తం తిరస్కరణకు దగ్గరపడుతుంది. రైతు చేలో గాజు పెంకు కాలికి గుచ్చుకున్న ఊళ్లో రెండో ఏడాది నగర కంపోస్టు ఎవరూ కొనరు.

కాబట్టి ఒక ప్లాంటు ఎండిన చెత్త కావాలంటుంది, ఇంకొకటి తడిగా, శుభ్రంగా కావాలంటుంది. రెండూ ఒకే బండి నుంచి రావు.

ఆటో: సమస్య మొదలయ్యేది ఇక్కడ

హైదరాబాద్‌లో 600 ఇళ్లకు ఒక ఆటో అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ 600 ఇళ్లను కాగితం మీద పెట్టి చూద్దాం. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 400 గ్రాములు వేసుకుంటే 960 కిలోలు. అందులో తడి 55 శాతం, అంటే సుమారు 530 కిలోలు. పొడి 35 శాతం, 335 కిలోలు. మిగతాది డైపర్లు, ప్యాడ్లు, మట్టి, విరిగిన సామాను.

బరువు చూస్తే తడిదే పెద్ద వాటా. పరిమాణం చూస్తే లెక్క తలకిందులవుతుంది. తడి చెత్త ఘనపు మీటరుకు 500 కిలోలు తూగుతుంది, కాబట్టి 530 కిలోలకు 1.06 ఘనపు మీటర్ల జాగా చాలు. పొడి చెత్త 100 కిలోలే తూగుతుంది. 335 కిలోలకు 3.4 ఘనపు మీటర్లు కావాలి. ఆటో తొట్టి మొత్తం 1.8 ఘనపు మీటర్లు. దానికి నట్టనడుమ రేకు పెట్టి రెండు సమాన అరలు చేస్తే ఒక్కోటి 0.9. పొడి అర 160వ ఇంటి దగ్గరే నిండిపోతుంది. అప్పటికి తడి అరలో మూడింట రెండు వంతులు ఖాళీగా ఉంటుంది. ఇక డ్రైవరు ముందున్నవి రెండే దారులు. పొడి చెత్త కోసమే నాలుగు ట్రిప్పులు తిరగాలి, లేకపోతే మిగతా పొడిని తడి అరలో వేసి తొక్కాలి. ఏ డ్రైవరైనా రెండోదే చేస్తాడు. దీన్ని క్రమశిక్షణ లేకపోవడంగా చూసి మెమోలు ఇవ్వడం వల్ల ఏమీ మారదు. రేకు పెట్టిన చోటే తప్పుంది.

చాలా ఆటోల పక్కన వేలాడే గోనె సంచులు చూసే ఉంటారు. డ్రైవరు, వెంట ఉండే భార్యో తమ్ముడో సీసాలు, అట్టలు, పాల కవర్లు ఏరి అందులో వేస్తారు. అమ్ముకోగలిగిన పొడి చెత్తంతా ఆ సంచుల్లోకి వెళుతుంది. కొనేవాడు లేని చిప్స్ ప్యాకెట్లు, థర్మోకోల్, చిరిగిన బట్టలు తడి చెత్తలో పడతాయి. ఈ ఏరివేతను ఆపకూడదు, అది జీవనాధారం, రీసైక్లింగూ అదే. కానీ ప్రణాళిక దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు చేరే పొడి చెత్తలో విలువున్నది ముందే పోయి ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టే సార్టింగ్ బెల్టు ఆదాయం సర్వేలో లెక్కేసినంత రాదు.

పరిష్కారం రేకు జరపడంలో లేదు, రోజులు విడదీయడంలో ఉంది. ఆటో రోజూ తడి చెత్త మాత్రమే తీసుకోవాలి. తొట్టిలో 0.2 ఘనపు మీటర్ల మూత పెట్టె ఒకటి బిగించి డైపర్లు, ప్యాడ్లు, బ్యాటరీలు, మాత్రల షీట్లు అందులో వేయాలి. మిగిలిన 1.6 ఘనపు మీటర్లలో 1.06 నిండుతుంది, పండగ రోజులకు వెసులుబాటు ఉంటుంది. ఒక్క ట్రిప్పుతో పని అయిపోతుంది. పొడి చెత్తకు వారంలో రెండు రోజులు జాలీ బాడీ ఉన్న బండి రావాలి. 600 ఇళ్ల పొడి చెత్త వారానికి 2,350 కిలోలు, ఒక్కో సారికి 1,175 కిలోలు, అంటే సుమారు 12 ఘనపు మీటర్లు. ఆ సైజు బండి ఒకటి ఆరు పనిదినాల్లో మూడు ఆటోల ప్రాంతాన్ని రెండుసార్లు చుట్టగలదు. మూడు ఆటోలకు ఒక జాలీ బండి, దాని మీద ఇద్దరు ఏరేవాళ్లు. ఇంట్లో పొడి చెత్త మూడు రోజులు ఆగినా వాసన రాదు. పాల కవరు కడిగి వేయమని మాత్రం చెప్పాలి. లేకపోతే చీమలు పట్టి రెండో వారానికే సంచి తడి ఆటోలో పడుతుంది.

టైము లెక్క కూడా అంతే ముఖ్యం. ఇంటికి 30 సెకన్లు వేసుకున్నా 600 ఇళ్లకు అయిదు గంటలు. పొద్దున ఆరుకు మొదలైతే పదకొండు అవుతుంది. ఎనిమిదిన్నరకు తాళం వేసి ఆఫీసుకు వెళ్లే ఇళ్లు రెండో సగంలో ఉంటే వాళ్ల చెత్త రాత్రి స్కూటరు మీద వచ్చి గల్లీ చివర పడుతుంది. మన వాడుకలో జీవీపీ (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్) అనే వీధి చెత్త కుప్పల మూలాలు చాలావరకు ఇవే. జీవీపీ దగ్గర ముగ్గు వేయడం, మొక్కల కుండీలు పెట్టడం కొన్ని వారాలు పనిచేస్తుంది. ఆ కుప్పలో పడిన సంచులు ఏ వీధులవో పారిశుద్ధ్య జవాన్‌తో మూడు రోజులు చూపించి, ఆ వీధులను రూటులో ఏడున్నర లోపుకి జరిపితే శాశ్వతంగా పోతుంది. గృహిణులు ఇంట్లో ఉండే కాలనీలను రూటు చివరకు వేయొచ్చు.

తడి చెత్త ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పుచ్చకాయ తొక్క, మామిడి టెంకలు, తాటిముంజల కాయలు, కొబ్బరిబోండాలు వస్తాయి. బోండాలను తడి ఆటోలో వేయనివ్వకూడదు. అవి జాగా మింగుతాయి, కంపోస్టు కుప్పలో నెలల తరబడి కుళ్లవు. బండ్ల దగ్గర్నుంచి వాటిని విడిగా ట్రాక్టరుతో ఎత్తి నార తీసే మిషనుకు పంపాలి. బతుకమ్మ, వినాయక నిమజ్జనాల తర్వాత పూలు, పత్రి కుప్పలుగా వస్తాయి. అవి ఎండాకులతో కలిస్తే మంచి కంపోస్టు, కాబట్టి చెరువుగట్ల దగ్గరే వేరుగా పోగు చేయించాలి. బక్రీద్ రోజు వ్యర్థాలకు ప్రత్యేక బండ్లు, ప్రత్యేక గుంత ముందురోజే సిద్ధంగా ఉండాలి. ఆ ఒక్క రోజు తప్పితే వారం రోజుల ఫిర్యాదులు వస్తాయి.

ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఎందుకు, ఎంత

నగరం నైరుతి నుంచి జవహర్‌నగర్ 35 కిలోమీటర్లు అనుకుంటే రానుపోను 70. 650 కిలోలు మోసే ఆటో లీటరుకు 15 కిలోమీటర్లు నడిస్తే 4.7 లీటర్లు తాగుతుంది, టన్నుకు 7.2 లీటర్లు. పది టన్నుల కంటైనరు లాగే హుక్ లోడర్ లారీ లీటరుకు 3 కిలోమీటర్లే నడిచినా మొత్తం 23 లీటర్లు, టన్నుకు 2.3. డీజిల్ ఒక్కటే మూడో వంతుకు తగ్గింది. ఆటో మూడు గంటలు రోడ్డు మీద కాకుండా గల్లీలో ఉండడం అంతకన్నా పెద్ద లాభం. ఇమ్లీబన్, లోయర్ ట్యాంక్‌బండ్, యూసఫ్‌గూడ లాంటి స్టేషన్లు నిలబడింది ఈ లెక్క మీదే.

స్టేషన్ కట్టేటప్పుడు జరిగే పొరపాటు రోజు సగటును చూసి బేలు (ఆటోలు వెనక్కి వచ్చి చెత్త దింపే చోట్లు) కట్టడం. రోజుకు 100 టన్నులు వచ్చే స్టేషన్ తీసుకోండి. 650 కిలోల చొప్పున 154 ఆటో లోడ్లు. అందులో 60 శాతం పొద్దున ఎనిమిదిన్నర, పదకొండున్నర మధ్య వస్తాయి. గంటకు 31 ఆటోలు. ఒక ఆటో వెనక్కి వచ్చి, తొట్టి లేపి, దులిపి, దిగి వెళ్లడానికి నాలుగు నిమిషాలు. ఒక బే గంటకు 15 ఆటోలను పంపగలదు. రెండు బేలతో లెక్క అంచు మీద ఉంటుంది. చెత్తను నొక్కే కాంపాక్టర్ ఒకటి పది నిమిషాలు ఆగినా క్యూ మెయిన్ రోడ్డెక్కుతుంది. మూడు బేలు కట్టాలి, నాలుగోదానికి జాగా వదలాలి. క్యూలో నలభై నిమిషాలు నిలబడిన డ్రైవరు మర్నాడు దగ్గర్లోని ఖాళీ స్థలం వెతుక్కుంటాడు. నాలాల్లో పడే చెత్తలో కొంత ఇక్కడి నుంచి వెళ్లిందే.

రెండో విషయం కంటైనర్లు. తడికి, పొడికి వేరు కంటైనర్లు లేని స్టేషన్‌లో కింది స్థాయి శ్రమంతా ఒక్క నిమిషంలో వృథా అవుతుంది. పైగా తడి చెత్తను గట్టిగా నొక్కితే నీళ్లు కారుతాయి. బరువులో అయిదు శాతం కారినా 100 టన్నులకు రోజుకు 5,000 లీటర్లు. దానికి వాలు, జాలీ, 10,000 లీటర్ల తొట్టి, తోడుకెళ్లే ట్యాంకరు టెండరులోనే ఉండాలి. ఇవి లేని స్టేషన్ నుంచి ఆ నీళ్లు వాననీటి కాలువలోకి పోతాయి, చుట్టుపక్కల కాలనీవాళ్లు స్టేషన్ మూసేయమని ధర్నా చేస్తారు. వాళ్ల కోపం న్యాయమైనదే. మూతపడిన స్టేషన్ బదులు ఇంకోచోట స్థలం దొరకడం నగరంలో దాదాపు అసాధ్యం కాబట్టి అయిదు లక్షల తొట్టి దగ్గర మిగుల్చుకోవడం చాలా ఖరీదైన పొదుపు.

తడి చెత్తను దూరం మోయకపోవడం

తడి చెత్తను 35 కిలోమీటర్లు మోయడం అంటే సగానికి పైగా నీళ్లను మోయడం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దీనికి మంచి జవాబు. ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తల సాంకేతికతతో అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ తీశారు. అది నడిచింది మార్కెట్ చెత్త ఒకే రకంగా, మట్టి లేకుండా, రోజూ ఒకే టైముకు వస్తుంది కాబట్టి. ఇళ్ల తడి చెత్తకు అదే డైజెస్టర్ (చెత్తను కుళ్లబెట్టి గ్యాస్ తీసే తొట్టి) పెట్టాలంటే ముందు ఇసుక, గుడ్డపేలికలు తీసే ఏర్పాటు కావాలి. కొబ్బరి పీచు, వెంట్రుకలు పంపులను చుట్టేస్తాయి, నిమ్మ తొక్కలు ఎక్కువైతే పీహెచ్ పడిపోయి గ్యాస్ ఆగుతుంది. రోజూ పీహెచ్ చూసి 6.8 కంటే తగ్గితే మేత, అంటే లోపలికి వేసే చెత్త, తగ్గించడం ఆపరేటర్‌కు నేర్పాల్సిన మొదటి పని. రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, హాస్టళ్లు, గేటెడ్ కమ్యూనిటీలు తమ తడి చెత్తను తామే చూసుకోవాలని నిబంధన ఉంది. వాటితో మొదలుపెడితే శుభ్రమైన తడి చెత్త తక్కువ కష్టంతో దొరుకుతుంది.

మిగతాది వరుస కుప్పల కంపోస్టుకు. రోజుకు 300 టన్నులకు జాగా ఇలా తేలుతుంది. 300 టన్నులు 600 ఘనపు మీటర్లు. అడుగున 4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు కుప్ప వేస్తే రోజుకు 150 మీటర్ల పొడవు. 28 రోజులకు 4,200 మీటర్లు. మిషను తిరగడానికి మధ్యలో 2.5 మీటర్లు వదిలితే 27,300 చదరపు మీటర్లు, సుమారు ఆరు ముప్పావు ఎకరాలు. ఇది కుప్పలకే. ఆరబెట్టే ప్రాంగణం, జల్లెడలు, నిల్వ కలిపితే రెండింతలు అడగండి. వారానికోసారి తిప్పాలి, లోపల 55–65 డిగ్రీలు మూడు రోజులైనా నిలవాలి. వేడి 50 దాటకపోతే చాలాసార్లు కారణం నీళ్లు ఎక్కువవడం. అప్పుడు ఎండాకులు, రంపపు పొట్టు కలిపి మళ్లీ తిప్పాలి. పైకప్పు లేని ప్రాంగణం జూన్ నుంచి అక్టోబరు దాకా పనిచేయదని ముందే రాసుకోండి. ఏడాదిలో అయిదు నెలలు పనిచేయని ప్లాంటు అంటే ఆ అయిదు నెలల చెత్త గుట్టకే పోతుంది.

పొడి చెత్త, దాన్ని ఏరి బతికేవాళ్లు

భోలక్‌పూర్ తుక్కు దుకాణాలు, కాటేదాన్ ప్లాస్టిక్ యూనిట్లు జీహెచ్‌ఎంసీ పుట్టకముందు నుంచే హైదరాబాద్ రీసైక్లింగ్ నడుపుతున్నాయి. పెట్ సీసా, గట్టి ప్లాస్టిక్, అట్ట, ఇనుము, అల్యూమినియం వీటి వెంట వాటంతటవే వెళతాయి. వార్డు పొడి చెత్త కేంద్రం చేయాల్సింది ఇవి కాని వాటికి దారి చూపడం: పలుచని కవర్లను బేళ్లు కట్టి ప్లాస్టిక్ గింజలు చేసేవాళ్లకు, చిప్స్ లాంటి పొరల ప్యాకెట్లను సిమెంటు ఫ్యాక్టరీకి. వార్డుకు 1,500 చదరపు అడుగుల షెడ్డు, ఒక బేలింగ్ ప్రెస్, ఒక తూకం, త్రీఫేజ్ కరెంటు, మంటలార్పే ఏర్పాటు చాలు. ప్రెస్ లేకుండా పెట్టిన కేంద్రాలు పది రోజుల్లో పైకప్పుదాకా నిండి మూతపడతాయి, ఎందుకంటే వదులుగా ఉన్న కవర్లను లారీలో పంపితే అద్దె సరుకు ధర కన్నా ఎక్కువ. ఈ కేంద్రాలను ఏరుకునే వాళ్ల సంఘాలకే అప్పగించి, కొనేవాడు లేని సరుకుకు మున్సిపాలిటీ కిలోకింత ఇవ్వాలి. ఆ డబ్బు దానమేమీ కాదు. ఆ కిలోను జవహర్‌నగర్‌దాకా మోసి కప్పెట్టే ఖర్చులోంచే అది వస్తుంది.

పాత గుట్ట

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. ఎకరం మీద పడే నీళ్లు 32 లక్షల లీటర్లు. నూరు ఎకరాల తెరిచిన గుట్ట మీద 32 కోట్ల లీటర్లు. అందులో సగం ఇంకినా చెత్త కుళ్లు కలుపుకుని నల్లగా అడుగున ఊరుతుంది. మల్కారం చెరువు పాడైంది ఈ ఊటతోనే. ఆ చుట్టుపక్కల కాలనీల బోరు నీళ్ల కథ కూడా ఇదే. నగరమంతటి సౌకర్యానికి జవహర్‌నగర్ ప్రజలు చెల్లించిన ధర ఇది, ప్రణాళికలో ఆ ఊరి నీటి సరఫరా ఖర్చు కూడా చెత్త ఖర్చుగానే రాయాలి.

కప్పు ఈ వాన ఇంకకుండా ఆపుతుంది. నిబంధనల ప్రకారం 60 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 15 సెంటీమీటర్ల గులక పొర, ఆపైన 45 సెంటీమీటర్ల సారవంతమైన మట్టి, గడ్డి. వాయువు బయటికి రావడానికి గొట్టాలు. చెత్త కుళ్లి దిగిపోతుంటే పైన పల్లాలు పడతాయి. నీళ్లు నిలిచిన ప్రతి పల్లం కొత్త ఊటకు దారి, కాబట్టి ఏటా మే నెలలో లెవెళ్లు తీసి నింపాలి. మూసేశాక 15 ఏళ్లు చూసుకోవాలన్నది నిబంధన. అడుగున పొర లేని పాత గుట్టకు కప్పు వేసినా కింద ఇప్పటికే ఉన్న ఊట ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది, దాన్ని తోడి శుద్ధి చేసే ప్లాంటు ఆపడానికి వీల్లేదు. చిన్న పట్టణాల్లో గుట్ట లక్ష టన్నుల లోపుంటే కప్పు కన్నా బయోమైనింగే మంచిది: జనవరి నుంచి మే దాకా తవ్వి, వరుసలుగా ఆరబోసి, జల్లెడ పట్టాలి. తేమ 25 శాతం దాటితే జల్లెడ కన్నులు మూసుకుపోతాయి. వానాకాలంలో ఆ కాంట్రాక్టరు బిల్లు పెడితే జల్లెడ కింద పడిన మట్టిని పిడికిట పట్టి చూడండి, ముద్ద కడితే తేమ ఎక్కువున్నట్టే.

భవన శిథిలాలకు జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున ప్లాంట్లు ఉన్నాయి. చెత్త బండిలో శిథిలాలు, ఊడ్చిన మట్టి, నాలా పూడిక పడకుండా చూడడమే అసలు పని. టన్నుకింత చొప్పున చెల్లించే ఒప్పందంలో మట్టి కూడా బిల్లే. వేబ్రిడ్జి దగ్గర బరువుతో పాటు పరిమాణం కూడా రాస్తే దొరికిపోతుంది: ఘనపు మీటరుకు 700 కిలోలు దాటిన లోడు ఇళ్ల చెత్త కాదు.

డబ్బు

స్వచ్ఛ ఆటో డ్రైవరు తన బండి వాయిదా తానే కడుతూ ఇంటింటి నుంచి నెలకు 50 రూపాయలు తీసుకునే పద్ధతిలో పని మొదలైంది. అన్ని ఇళ్లూ కట్టినా 30,000. అందులో వాయిదా, డీజిల్, రిపేర్లు, వెంట ఉండే మనిషి కూలి పోవాలి. కట్టగలిగిన కాలనీలకు ఆటో రోజూ వెళ్లడం, కట్టలేని బస్తీలకు రెండు రోజులకోసారి వెళ్లడం ఈ పద్ధతిలోనే ఉంది. బస్తీ ఇళ్లకు డబ్బు మున్సిపాలిటీ నేరుగా డ్రైవరుకు ఇవ్వాలి, అదీ తడి లోడు శుభ్రతను తూకం దగ్గర చూసి ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో వసూలు చేసిన రుసుము చెత్త పన్నుగా జనంలో పేరుపడి 2024 చివర్లో రద్దయింది. బండ్లు, తొట్లు ఉండగానే వాటిని నడిపే ఆదాయం పోయింది. రుసుమును ఆస్తి పన్నులో భాగంగా, ఖర్చు లెక్క వార్డు ఆఫీసు గోడ మీద రాసి వసూలు చేస్తే ఇంత వ్యతిరేకత రాదు.

విస్తరించిన నగరంలో మొదటి నెల

2025 డిసెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 27 పురపాలికలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఒక్క జవహర్‌నగర్‌కే మోసే పద్ధతి ఆ విస్తీర్ణానికి సరిపోదు. కొత్త వార్డుల్లో తొట్ల టెండరు కన్నా ముందు చేయాల్సిన పని చెత్తను తూచి చూడడం. బస్తీ, మధ్యతరగతి కాలనీ, అపార్టుమెంట్లు, మార్కెట్, పాత గ్రామకంఠం నుంచి ఒక్కో ఆటో చొప్పున ఏడు రోజులు తీసుకోండి, ఆదివారం తప్పకుండా ఉండాలి. లోడును సిమెంటు గచ్చు మీద పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ వంద కిలోలకు తెండి. పన్నెండు రకాలుగా ఏరి తూచండి. కిలో తడి చెత్తను ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు నిలిచేదాకా ఆరబెట్టి తేమ చూడండి. ఇదే పరీక్ష జులైలోనూ, మే నెలలోనూ మళ్లీ చేయాలి. ఆటోకు ఎన్ని ఇళ్లు, పొడి చెత్తకు ఎన్ని జాలీ బండ్లు, స్టేషన్‌కు ఎన్ని బేలు, కంపోస్టుకు ఎన్ని ఎకరాలు అన్నవి ఆ పట్టిక నుంచే రావాలి. పదిమంది మనుషులు, రెండు తూకాలు, ఒక షెడ్డు ఉంటే ఆ పట్టిక నెలలో తయారవుతుంది.